ఆయిలు తాగని జీపు

ఆ సోమవారం నేను పూర్తి చేయవలసిన పనులు ఇవి:

కొత్త కార్లన్నిటిలో స్టీరింగు వెనక వెలిగే ఎర్రదీపం మీద నల్ల స్టిక్కరు అంటించడం.

ప్రతి కారు డిక్కీలోనూ ఇంజనాయిలు డబ్బాలు పెట్టించి, పైన ఉతికిన తువ్వాలు కప్పించడం.

"కారు ఆయిలు తాగుతోంది" అనే మాట ఆఫీసు ఆవరణలో వినపడకుండా చూడడం. "వినియోగించుకుంటోంది" అనడం అలవాటయ్యేదాకా డ్రైవర్ల చేత రోజూ ఉదయం పలికించడం.

కుళ్లాయప్ప జీపు ఆయిలు ఎందుకు తాగడం లేదో, క్షమించాలి, ఎందుకు వినియోగించుకోవడం లేదో అతని దగ్గర సంజాయిషీ తీసుకోవడం.

వంకమడుగు గొర్రెలకు నీలినాలుక జబ్బు రాకుండా టీకాలు పంపించడం.

చివరిదాన్ని పెన్సిలుతో రాసుకున్నాను. దాని గురించి పైనుంచి ఎవరూ అడగలేదు.

నేను సంచార పశువైద్య మండలి జిల్లా కార్యాలయంలో వాహనాల సెక్షను చూసే జూనియర్ అసిస్టెంటును. పేరు ఎర్రిస్వామి. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని నేనే. ఉద్యోగంలో చేరేరోజు మా నాయన, "పెద్దోళ్లు కాగితం మీద రాసినారంటే దాంట్లో ఏదో ఉంటాది. చదివి, అట్లే చేయి" అని చెప్పి బస్సెక్కించాడు. అప్పటినుంచి నేను చదివి, అట్లే చేస్తున్నాను.

మండలి పని పెద్ద చిక్కైనదేమీ కాదు. పల్లెల్లో గొడ్లకూ గొర్రెలకూ జబ్బు చేస్తే డాక్టరు బండెక్కి అక్కడికి వెళ్లాలి. చాలాకాలం ఆ పనికి ఒకే ఒక్క జీపు ఉండేది. నేను పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లోనే అది మా ఊరికి వచ్చేది. దాని తలుపు ఒకటి తాడుతో కట్టి ఉంటుంది. హారను దానికి మనసైతే మోగుతుంది. వాన వస్తే లోపలివాళ్లు గొడుగు పట్టుకోవాలి. అయినా ఒక సర్వీసుకూ ఇంకో సర్వీసుకూ మధ్య దాని ఆయిలు మట్టం తగ్గదు. బానెట్ ఎత్తి ఆయిలు కొలిచే కడ్డీ తీసి చూస్తే ఎప్పుడూ పై గీత దగ్గరే ఉంటుంది.

దాని డ్రైవరు కుళ్లాయప్ప. అతనికి ఇంజను గురించి ఏమైనా తెలుసని ఎవరూ అనుకోవద్దు. బానెట్ ఎత్తితే ఎక్కడ ఏముందో అతనూ మనలాగే వెతుక్కుంటాడు. అమావాస్యకు నిమ్మకాయ కట్టడం, బండి మెకానిక్కు అప్పగించి నీడ చూసుకుని నిద్రపోవడం, లేచాక జీపు గురించి గొప్పలు చెప్పడం అతని పద్ధతి. ఆ గొప్పలే మా కొంప ముంచాయి.

జాయింట్ డైరెక్టర్ భుజంగరావు గారు వచ్చాక మండలికి కొత్త కార్లు కొన్నారు. తెల్లగా, నున్నగా, అద్దాలు మీట నొక్కితే దిగేవి. ఆయనే వెళ్లి ఎంపిక చేశారు, ఆయనే కొబ్బరికాయ కొట్టారు, ఆయన ఫోటోనే పేపర్లో వచ్చింది. జీపును కుళ్లాయప్పతో సహా ఆఫీసు వెనక్కి తోశారు. గతుకుల దారులకు మాత్రం దాన్నే పంపేవారు. మా జిల్లాలో గతుకుల దారులు కానివి తక్కువ కాబట్టి అది రోజూ పోతూనే ఉండేది.

వర్షాకాలం రాకముందే కొత్త కార్లలో ఎర్రదీపాలు వెలగడం మొదలైంది. భుజంగరావు గారి కారు నడిపే షాషావలి నా బల్ల దగ్గరికి వచ్చి, చేతిలో ఖాళీ డబ్బా ఊపాడు.

"స్వామీ, మన సార్ కారు పెండ్లికొచ్చిన బామ్మర్ది తాగినట్ల తాగుతాంది ఆయిలు. మొన్న పోసినా, మళ్ల కింది గీతకొచ్చె."

"కారుతోందేమో చూడన్నా."

"కింద చుక్క లేదు. పండుకుని చూసినా. చొక్కా పాడాయ గానీ చుక్క దొరకల్యా."

నేను విషయం కాగితం మీద పెట్టి పంపాను. కంపెనీ నుంచి నిఖిలేష్ అనే సర్వీసు సలహాదారు వచ్చాడు. టై కట్టుకున్నాడు. మా ఎండలో ఆ టై చూస్తేనే నాకు చెమట పట్టింది.

"కార్లలో ఏ లోపమూ లేదు సార్," అన్నాడు భుజంగరావు గారితో. "ఇవి కొత్త తరం ఇంజన్లు. మైలేజీ కోసం పిస్టన్ రింగుల బిగువు తగ్గించారు, ఆయిలు పల్చన చేశారు. కొంచెం ఆయిలు పైకెక్కి పెట్రోలుతోపాటు కాలిపోతుంది. నార్మల్."

"ఎంత కాలితే నార్మల్?" అని ఆయన అడిగారు.

"వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా నార్మలని మా పుస్తకంలోనే ఉంది సార్."

గుమ్మంలో నిలబడ్డ షాషావలి ఊరుకోలేదు. "లీటరు దాటితే ఏం చేస్తారన్నా?"

"బండిని పరిశీలనలో పెడతాం."

"పెట్టి?"

"ఎంత తాగుతుందో చూస్తాం."

"చూసి?"

"అది నార్మలా కాదా అని పైకి రాస్తాం."

"పైనోళ్లు ఏమంటారు?"

"ఇంతవరకూ నార్మల్ కాదని ఎవరూ అనలేదు," అన్నాడు నిఖిలేష్. ఆ మాట చాలా నిజాయితీగా చెప్పాడు. అందుకే నాకు అతని మీద కోపం రాలేదు.

భుజంగరావు గారి ముఖం విచ్చుకుంది. తాను కొన్న కార్లకు జబ్బు లేదని డాక్టరే చెప్పినట్టయింది. ఆ మధ్యాహ్నమే సిబ్బందినందరినీ హాల్లో కూర్చోబెట్టి మాట్లాడారు.

"వినియోగం జీవలక్షణం. చెట్టు నీటిని వినియోగించుకుంటుంది. పశువు మేతను వినియోగించుకుంటుంది. ఆధునిక ఇంజను ఆయిలును వినియోగించుకుంటుంది. దీన్ని 'తాగుడు' అనే హీనపదంతో పేర్కొనడం మండలి గౌరవానికి భంగకరం. ఇందుమూలముగా నేను స్పష్టం చేయునది ఏమనగా, వెయ్యి కిలోమీటర్లకు ఒక లీటరు అనేది లోపం కాదు. అది ప్రమాణం."

ఆ చివరి మాట ఆయన నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు గానీ, ప్రధాన కార్యాలయం వారికి తెగ నచ్చింది. కంపెనీ వాడు 'లీటరు దాకా' అన్నాడు. పైనుంచి కిందికి దిగేసరికి 'దాకా' రాలిపోయింది. రాష్ట్రమంతటా మండలి వాహనాలకు 'సాధారణ వినియోగ ప్రమాణం' అమల్లోకి వచ్చింది. ఎర్రదీపాలు అనవసర ఆందోళన కలిగిస్తున్నాయి కాబట్టి వాటిని కప్పివేయాలన్నారు. నేను కప్పాను.

చిక్కు జీపుతో వచ్చింది. నెలాఖరున ప్రతి వాహనమూ ఎంత ఆయిలు వినియోగించుకుందో కంప్యూటర్లో ఎక్కించాలి. జీపు ఎదురుగా సున్నా కొట్టాను. కంప్యూటరు తీసుకోలేదు. 'సాధారణ విలువ నమోదు చేయండి' అని ఎర్రక్షరాల్లో చెప్పింది. మళ్లీ సున్నా కొట్టాను. మళ్లీ అదే చెప్పింది. నేను భుజంగరావు గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎర్రిస్వామీ, ఒక వ్యవస్థలో అందరూ వినియోగించుకుంటూ ఒకడు మాత్రం వినియోగించుకోకపోతే, పరీక్షించవలసింది అందరినా, ఒకడినా?"

నేను ఆలోచించాను. "ఒకడినే సార్. ఖర్చు తక్కువ."

"అదీ," అన్నారు ఆయన.

అప్పుడే నాకు ఆ నిబంధన చూపించారు. ప్రమాణానికి లోబడని వాహనాన్ని అసాధారణ వాహనంగా ప్రకటించి పాత ఇనుముకు వేలం వేయాలి. మా మండలిలో డ్రైవరు ఉద్యోగం మనిషికి ఇవ్వరు, బండికి ఇస్తారు. బండి నంబరు మీద పోస్టు ఉంటుంది, ఆ పోస్టులో మనిషి ఉంటాడు. బండి పోతే పోస్టు పోతుంది, పోస్టుతో పాటు లోపలున్న మనిషి కూడా పోతాడు. జీపు ఆయిలు తాగకపోతే కుళ్లాయప్ప ఇంటికి పోవాలన్నమాట.

సంజాయిషీ కాగితం తీసుకుని ఆఫీసు వెనక్కి వెళ్లాను. కుళ్లాయప్ప జీపు ముందు చక్రానికి ఆనుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"కుళ్లాయప్పన్నా, నీ బండి ఆయిలు ఎందుకు తాగడం లేదో రాసివ్వాలంట."

"తాగనిదానికి గూడా రాసియ్యల్లనా సార్?"

"అవునన్నా. తాగేవాటికి అక్కర్లేదు. అది సాధారణం."

అతను కాసేపు నన్ను చూశాడు. నేను ఎగతాళి చేస్తున్నానేమోనని అనుమానం. నేను ఎప్పుడూ ఎగతాళి చేయనని గుర్తొచ్చి దిగులు పడ్డాడు.

"నాకేం తెల్సు సార్. మా జేజినాయన గూడా తాగేటోడు కాదు. అట్ల కొందరుంటారు."

"ఆ మాట రాస్తే ఒప్పుకోరన్నా."

"అయితే స్వామి దయ అని రాయండి."

నేను రాశాను. 'సదరు వాహనం ఆయిలు వినియోగించుకోకపోవుటకు కారణం దైవానుగ్రహమని డ్రైవరు తెలియజేయుచున్నాడు.' భుజంగరావు గారు దాని కింద, 'దైవానుగ్రహం ప్రమాణంలో చేర్చబడలేదు' అని రాసి పైకి పంపారు. ఆ వారమే ఇంకో ఫైలు కూడా తెరిచారు. మా కొత్త భవనం వానకు కారుతుంది. పాతది కారడం లేదు. పాతదాన్ని కూడా పరీక్షించమన్నారు.

పైనుంచి 'సాధారణత్వ నిర్ధారణ సంఘం' బయలుదేరింది. అధ్యక్షులవారు, ఇద్దరు సభ్యులు, ముగ్గురూ ఒకే కొత్త కారులో. నేను పూలదండలు, టిఫిన్లు సిద్ధం చేసి ఉంచాను. వాళ్లు రావలసిన వేళ దాటిపోయింది. ఇడ్లీలు చల్లారాయి. అప్పుడు ఫోను వచ్చింది.

సంఘం వారి కారు కొండదారిలో సగం ఎక్కి నిలిచిపోయింది. ఆయిలు అడుగంటి ఇంజను పట్టేసింది. ఎర్రదీపం వెలిగే ఉంటుంది. కానీ దాని మీద స్టిక్కరు ఉంది. స్టిక్కరు చాలా బాగా అంటించారని, చుట్టూ వెలుతురు కూడా కనపడలేదని ఆ డ్రైవరు తర్వాత మెచ్చుకున్నాడు.

మా ఆఫీసు కార్లలో దేన్నీ పంపే వీలు లేదు. షాషావలి కారు పరిశీలనలో ఉంది. మిగతావి ఆయిలు కోసం నిలబడి ఉన్నాయి. జీపే వెళ్లింది. నేనూ ఎక్కాను. కుళ్లాయప్ప పట్టేసిన కారును వెనక తాడుతో కట్టి, ముగ్గురినీ ముందూ వెనకా సర్ది కూర్చోబెట్టాడు. అధ్యక్షులవారు తాడుతో కట్టిన తలుపు పక్కన కూర్చుని ఆ తాడును రెండు చేతులతో పట్టుకున్నారు.

చినుకులు మొదలయ్యాయి. కుళ్లాయప్ప గొడుగు అందించాడు.

"డ్రైవర్," అన్నారు అధ్యక్షులవారు, గొడుగు కింద నుంచి. "విచారణ ఇక్కడే ప్రారంభిస్తున్నాం. కాలయాపన జరగరాదు. ఈ వాహనం ఇంత ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఆయిలు వినియోగించుకోవడం లేదా?"

"లేదు సార్."

"ఇంకో వాహనాన్ని లాగుతున్నప్పుడు?"

"లేదు సార్."

"నలుగురు బాధ్యత గల అధికారులు ఎక్కి ఉన్నప్పుడు సైతం?"

నన్ను కూడా కలిపి లెక్క వేసినందుకు నాకు సంతోషం కలిగింది.

"లేదు సార్," అన్నాడు కుళ్లాయప్ప. గొప్పలు చెప్పే అలవాటు అప్పుడే గుర్తొచ్చింది. "ఇంకో బండి కట్టినా లాగుతాది సార్. ఎంత దూరమైనా సరే. దీనికి దాహమే లేదు."

అధ్యక్షులవారు సభ్యుల వైపు తిరిగి తల పంకించారు. ఒక సభ్యుడు ఒళ్లో కాగితం పెట్టుకుని రాసుకున్నాడు. గతుకుల్లో అక్షరాలు ఎగిరిపడుతున్నా రాత ఆగలేదు. ఆఫీసు చేరేసరికి నివేదిక పూర్తయింది. 'ఈ వాహనం తీవ్రమైన ఒత్తిడిలో కూడా సాధారణ ప్రవర్తన కనబరచలేదు. దీని మీద ఆధారపడుట ప్రమాదకరం' అని తేల్చారు. దిగుతూ అధ్యక్షులవారు బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి, వేడిగా ఉందని తీశారు.

మా పశువుల డాక్టర్ వసుంధర గారు వరండాలోనే నిలబడి ఉన్నారు. టీకాల ఐసుపెట్టె ఆవిడ కాళ్ల దగ్గర ఉంది.

"సార్, మీ విచారణ అయిపోయుంటే జీపు నాకివ్వండి. వంకమడుగులో గొర్రెలకు మూతులు వాస్తున్నాయంట."

"అసాధారణ వాహనంలో ప్రభుత్వ టీకాలు తీసుకువెళ్లడం నిబంధనలకు విరుద్ధం డాక్టర్ గారూ," అన్నారు అధ్యక్షులవారు.

"మీరు ఇప్పుడు అందులోనే వచ్చారు కదండీ?"

"మేము టీకాలం కాము," అన్నారాయన.

అయితే సంఘం దయ తలిచింది. జీపుకు ఒక నెల గడువు ఇచ్చింది. ఈలోగా ప్రమాణం మేరకు వినియోగించుకుంటే సరి. లేకపోతే వేలం.

ఆ నెల మేం పడ్డ పాట్లు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. పల్చటి ఆయిలు పోసి చూశాం. అది దాన్ని కూడా భద్రంగా దాచుకుంది. ఎక్కుడు దారుల్లో తిప్పాం. ఎండలో నిలబెట్టి ఇంజను ఆపకుండా ఉంచాం. షాషావలి రోజూ వచ్చి కడ్డీ తీసి చూసి, "లాభం లేదప్పా, నీ బండికి సావాసం సరిగా లేదు. మా కార్ల పక్కన నిలబెట్టు, నేర్చుకుంటాది" అని పోయేవాడు. కుళ్లాయప్ప నిజంగానే ఒక పూట నిలబెట్టాడు. మర్నాడు పొద్దున కడ్డీ తీసి చూసి తల అడ్డంగా ఊపాడు. జీపు ఏమీ నేర్చుకోలేదు.

"తాగల్ల అంటే తాగుతాదా సార్ అది," అన్నాడు ఒక సాయంత్రం. అప్పటికి గొప్పలు పోయి, గొంతు తగ్గిపోయింది. "పోనీ, నన్నే ఇంటికి పొమ్మనండి. బండిని ఇనుముకు ఎయ్యొద్దని చెప్పండి."

"అలా వీల్లేదన్నా. నువ్వు పోవాలంటే ముందు బండి పోవాలి. వరస అది."

నేను ఆ ప్రమాణం సర్క్యులరు మళ్లీ మొదటినుంచి చదివాను. మా నాయన చెప్పినట్టు అందులో ఏదో ఉండాలి. ఉంది. వాహనం ఆయిలును వినియోగించుకోవాలని ఉంది గానీ, ఏ దారిన వినియోగించుకోవాలో లేదు. కొత్త కార్లది పైదారి. పొగగొట్టంలోంచి పోతుంది. జీపుది కిందిదారి ఎందుకు కాకూడదు?

ఇంజను అడుగున ఆయిలు వదిలే బోల్టు ఒకటి ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక దాన్ని వదులు చేసి లీటరు కిందికి దించి, పైనుంచి లీటరు కొత్తది పోస్తే సరిపోతుంది.

కుళ్లాయప్పకు ఇది మింగుడుపడలేదు. "బాగుండే మనిషికి సూది గుచ్చి నెత్తురు తీసినట్లుంది సార్."

"రక్తదానం అనుకోన్నా."

"ఎవురికి?"

దానికి జవాబు షాషావలే ఇచ్చాడు. ఖాళీ డబ్బాతో అక్కడే నిలబడి ఉన్నాడు. "మా సార్ కారుకియ్యి. పొద్దున్నుంచి ఎర్రగా సూస్తాంటాది, ఆ స్టిక్కరు కింద."

ఆ విధంగా ఏర్పాటు కుదిరింది. జీపు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేది, నెలనెలా ఒక లీటరు వదిలేది. దాన్ని భుజంగరావు గారి కారు వినియోగించుకునేది. జీపుకు ఎప్పటికప్పుడు తాజా ఆయిలు పడడంతో ఇంతకు ముందుకంటే నున్నగా నడిచింది. కంప్యూటర్లో 'ఒకటి' అని కొట్టాను. ఆకుపచ్చ అక్షరాల్లో ధన్యవాదాలు చెప్పింది. వేలం ఆగింది. డాక్టరమ్మ టీకాల పెట్టె జీపులో పెట్టించుకుని వంకమడుగు వెళ్లి, మారెక్క మందకు మొదటి విడత సూదులు వేసి వచ్చారు. మారెక్కకు ఆ ఊళ్లో అందరికంటే పెద్ద మంద ఉంది, అంతకంటే పెద్ద నోరు ఉంది. ఆవిడ ఫోను చేసి, "బండి బాగుండాది. మధ్యలో దీనికేం రోగమొచ్చె నాయనా, అన్ని దినాలు రాకపాయ?" అని అడిగింది.

"రోగం లేదని రాలేదమ్మా," అన్నాను. ఆవిడ ఫోను పెట్టేసింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ణి కాదు.

ప్రధాన కార్యాలయంలో రాష్ట్రంలోని వాహనాలన్నిటి అంకెలూ ఒకచోట చేరాయి. కొత్త కార్లు ఒక నెల లీటరు, ఒక నెల లీటరున్నర, కొన్ని అంతకు మించి కూడా వినియోగించుకుంటున్నాయి. వెయ్యి కిలోమీటర్లకు సరిగ్గా ఒక లీటరు, నెల తప్పకుండా, ఎక్కువా తక్కువా కాకుండా వినియోగించుకుంటున్నది రాష్ట్రం మొత్తం మీద ఒకే వాహనం. అదే సంఘం మళ్లీ సమావేశమైంది. భుజంగరావు గారు ఆ ఉత్తర్వును నాకు నిలబడి చదివి వినిపించారు.

"పూర్వం అసాధారణంగా ఉండి, మార్గదర్శనం మేరకు తన్ను తాను సంస్కరించుకుని, నేడు ప్రమాణానికే ప్రమాణంగా నిలిచిన ఈ వాహనాన్ని 'ఆదర్శ సాధారణ వాహనం'గా ప్రకటించడమైనది. దీనిని భావితరాల స్ఫూర్తి నిమిత్తం ప్రధాన కార్యాలయ ప్రాంగణంలో శాశ్వతంగా ప్రతిష్ఠించవలెను."

"సార్, టీకాలకు ఆ జీపే కదా పోతోంది," అన్నాను.

"ఎర్రిస్వామీ, ఆదర్శాన్ని పనికి వాడతారా?"

నేను ఆలోచించాను. మా ఆఫీసులో గోడమీదున్న పటాలన్నీ గుర్తొచ్చాయి. వాడరు.

జీపుకు పసుపు కుంకుమ పెట్టి లారీ ఎక్కించారు. నడిపించి తీసుకుపోతే కిలోమీటర్లు పెరిగి ప్రమాణం చెదురుతుందన్నారు. పోస్టు బండిది కాబట్టి కుళ్లాయప్ప కూడా లారీ ఎక్కాడు. లారీలో జీపు, జీపులో తన సీట్లో కుళ్లాయప్ప. మలుపు తిరిగేటప్పుడు అలవాటు కొద్దీ హారను నొక్కాడు. మోగింది.

తర్వాత రెండో విడత టీకాలు కొత్త కార్లలో పంపించాను. మొదటిసారి కారు వంకమడుగు దాకా వెళ్లింది. వెళ్లిందని నేను సంతోషించేలోపు మారెక్క ఫోను వచ్చింది.

"మీ తెల్లకారు వచ్చె నాయనా. డిక్కీ తెరిస్తే అంతా నూనె డబ్బాలే. పైన తువ్వాలు గూడా కప్పినారు, శుభ్రంగా. మందుపెట్టె యాడరా అంటే జాగా లేక ఆఫీసులో పెట్టొచ్చినామన్నారు. నా గొర్రెలకు ఇంజనాయిలు పోయమంటావా?"

రెండోసారి ఐసుపెట్టె పెట్టి, ఆయిలు డబ్బాలు తగ్గించాం. ఆ కారు ఊరి ముందరి వాగు, మా మాటల్లో వంక, దాటకముందే పట్టేసింది. ఐసు కరిగిపోయింది. డాక్టరమ్మ పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లారు గానీ, అప్పటికి ఆ మందు వేడెక్కి పనికిరాకుండా పోయింది.

మారెక్క మందలో చాలా గొర్రెలు పోయాయి. ఆవిడ ఆఫీసుకు వచ్చింది. భుజంగరావు గారి గది ముందు కూర్చుని, ఎవరు తలుపు తీసినా తలెత్తి చూసింది. ఆవిడ నోరు పెద్దదని ముందే చెప్పాను. ఆ రోజు అది మూసుకుని ఉండడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

భుజంగరావు గారు పైకి రాశారు. పైనుంచి జవాబు త్వరగానే వచ్చింది. 'వర్షాకాలంలో మందలో కొంత తరుగు సాధారణం. ఆందోళన చెందనవసరం లేదు. అయితే కొన్ని మందలలో ఒక్క గొర్రె కూడా తగ్గలేదని తెలియవచ్చుచున్నది. సదరు మందల యజమానుల నుండి సంజాయిషీ కోరవలెను.'

ఆ కాగితం నా బల్ల మీదికే వచ్చింది. చదివాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, చదివి అట్లే చేయలేదు. సొరుగులో పెట్టి, ప్రధాన కార్యాలయంలో పని ఉందని చెప్పి బస్సెక్కాను.

జీపు ఎత్తైన సిమెంటు దిమ్మె మీద ఉంది. చక్రాలు తీసేశారు. తలుపుకు ఉన్న తాడు తీసి దాని స్థానంలో పట్టుతాడు కట్టారు. ముందు పాలరాతి మీద 'ఆదర్శ సాధారణ వాహనం' అని చెక్కించారు. కుళ్లాయప్ప ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"టిఫిన్ చేసినారా సార్?"

"చేశానన్నా. నీకు పనేమిటి ఇక్కడ?"

"నెలకొకతూరి పెద్దసార్లు వస్తారు. వాళ్ల ముందర పైనుంచి లీటరు పోస్తా. కింద బోల్టు వదులు చేసి పెట్టినారు, తొట్టిలోకి చుక్కచుక్క దిగిపోతాది. నెల తిరిగేసరికి మళ్ల లీటరు తక్కువ. ఆదర్శం కదా, ఆపగూడదంట."

"ఇంజను స్టార్టు చేస్తారా?"

"లేదు. తాళంచెవి అద్దాలపెట్టెలో పెట్టినారు." అతను బానెట్ మీద దుమ్ము చేత్తో తుడిచాడు. "కదలదు సార్. అయినా తాగుతాంది. ఇప్పుడిది గూడా కొత్త బండే."

తొట్టిలో చుక్క పడిన చప్పుడు వినిపించింది.

"వంకమడుగుకు టీకా పోయిందా సార్?" అని అడిగాడు.

పంపించామని చెప్పాను. అది అబద్ధం కాదు, పంపించాం. అతను తల ఊపి, "ఆ వంకలో ఎడమ పక్కన పోవల్ల సార్, కుడిపక్క గుంత ఉండాది. కొత్త పిల్లోళ్లకు చెప్పండి" అన్నాడు. చెబుతానన్నాను.

ఆ సొరుగులో కాగితం ఇంకా అలాగే ఉంది. దాని మీద నన్ను కూడా సంజాయిషీ అడిగారు. రాయాలి. ఈలోగా ఇది రాశాను.

చదివినవారికి నాదొక మనవి. మీరు కొత్త కారు కొంటే కొనండి, మంచిదే. ఎప్పుడైనా బానెట్ ఎత్తి కడ్డీ తీసి చూసినప్పుడు ఆయిలు కింది గీత దగ్గర ఉండవచ్చు. మీరు షోరూముకు వెళ్తే టై కట్టుకున్న కుర్రవాడు నవ్వుతూ "నార్మల్ సార్" అనవచ్చు. అతనితో గొడవ పడకండి, అతనికి తెలిసింది అతను చెబుతాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో మాత్రం ఒక్కసారి మా కుళ్లాయప్పను తలుచుకోండి. పెద్ద గొప్ప మనిషేమీ కాదు. గొప్పలు చెప్పేవాడు, పగటిపూట నిద్రపోయేవాడు, ఇంజను గురించి ఏమీ తెలియదు. కానీ వాన రాకముందు అతని బండి మా పల్లెలకు వచ్చేది.